ప్లూస్-క-పర్ఫెలో దేసాఁద్ర్: జేతెనా, జవెనా? షీట్‌లో రెండూ ఉన్నాయి

పటమట_పావని:
అందరికీ హాయ్. కెనడా వెళ్ళడానికి రాసే ఫ్రెంచ్ పరీక్ష, టెఫ్ కెనడాకి ప్రిపేర్ అవుతున్నా, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక క్లాస్‌కి వెళ్తున్నా. పాసే కోఁపోజే (మామూలు భూతకాలం) దాకా బాగానే లాక్కొచ్చా, ఇప్పుడు ప్లూస్-క-పర్ఫె (గతంలో ఒకదానికంటే ముందే జరిగినదాన్ని చెప్పే టెన్స్) మొదలైంది. దేసాఁద్ర్ అనే వెర్బ్‌ని అన్ని రూపాల్లో రాసుకురమ్మని ఒక షీట్ ఇచ్చారు. ముందువైపు జేతె దేసాఁద్యూ అని ఉంది, వెనకవైపు ఎక్సర్‌సైజ్ ఆన్సర్లలో జవె దేసాఁద్యూ అని ఉంది. అదే వెర్బ్, అదే టెన్స్, అదే "నేను". ప్రింటింగ్ తప్పా లేక రెండూ కరెక్టేనా? క్లాసులో అడిగితే "రెండూ వస్తాయమ్మా, తర్వాత చెప్తా" అని తర్వాతి పేజీకి వెళ్ళిపోయారు, ఆ తర్వాత ఇంకా రాలేదు. తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. ఇక్కడ తెలుగు లిపిలోనే రాయాలని రూల్ కాబట్టి ఫ్రెంచ్ కూడా తెలుగులోనే కొట్టా, తిట్టుకోకండి.

మిర్చి_యార్డ్_మావ:
దేసాఁద్ర్ అంటే దిగడమేగా. దిగడానికే ఇన్ని తిప్పలు పెడితే ఇక ఎక్కేదెప్పుడమ్మా కెనడా ఫ్లైటు 😂

ఆటోనగర్_అబ్బాయ్:
అక్కా రెండూ కరెక్టే, ప్రింటింగ్ తప్పు కాదు. ముందు టెన్స్ సంగతి చెప్పేస్తా, ఎవరైనా కొత్తగా చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

పాసే కోఁపోజే వచ్చినోళ్ళకి ఇందులో కొత్తగా బట్టీ కొట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. అక్కడ అవ్వార్ (కలిగి ఉండటం) గానీ ఎత్ర్ (ఉండటం) గానీ సహాయక క్రియగా ప్రెజెంట్‌లో పెట్టి వెనకాల పార్టిసిపుల్, అంటే దేసాఁద్యూ లాంటి రూపం, తగిలిస్తాం కదా, ఇక్కడ ఆ అవ్వార్‌నో ఎత్ర్‌నో ఎఁపర్ఫె అనే ఇంకో భూతకాలంలోకి మారిస్తే చాలు, పార్టిసిపుల్‌ని ముట్టుకోనక్కర్లేదు. జ స్వీ దేసాఁద్యూ అనేది జేతె దేసాఁద్యూ అవుతుంది. జే దేసాఁద్యూ అనేది జవె దేసాఁద్యూ అవుతుంది. అంతే.

ఎత్ర్‌తో:
జేతె దేసాఁద్యూ
త్యూ ఏతె దేసాఁద్యూ
ఇల్ ఏతె, ఎల్ ఏతె దేసాఁద్యూ
నూ జేతియోఁ దేసాఁద్యూ
వూ జేతియే దేసాఁద్యూ
ఇల్ జేతె, ఎల్ జేతె దేసాఁద్యూ

అవ్వార్‌తో: జవె, త్యూ అవె, ఇల్ అవె, నూ జవియోఁ, వూ జవియే, ఇల్ జవె, వెనకాల అదే దేసాఁద్యూ.

పలకడానికి అవె అవె అని ఒకేలా ఉన్నా రాసేటప్పుడు చివర్లు వేరు. నేను, నువ్వుకి ఏ-ఐ-ఎస్, అతనికి ఆమెకి ఏ-ఐ-టి, మేముకి ఐ-ఓ-ఎన్-ఎస్, మీరుకి ఐ-ఇ-జెడ్, వాళ్ళకి ఏ-ఐ-ఇ-ఎన్-టి. రైటింగ్‌లో మార్కులు పోయేది ఇక్కడే. ముక్కుతో పలికే చోట అరసున్న పెడుతున్నా, నిండుసున్న పెడితే అందరూ మ్ అనో న్ అనో గట్టిగా పలికేస్తారు.

ఎప్పుడు జేతె ఎప్పుడు జవె అనేది నాకూ పూర్తిగా క్లియర్‌గా లేదు, దిగితే ఎత్ర్, ఇంకేదో అయితే అవ్వార్ అన్నారు మా క్లాసులో. పెద్దవాళ్ళెవరైనా చెప్పాలి.

మిర్చి_యార్డ్_మావ:
అరసున్నని మా తాతగారి ఉత్తరాల్లో చూడ్డమే, దానికి ఇన్నాళ్ళకి ఉద్యోగం దొరికిందన్నమాట.

పాత_లెక్చరర్:
అమ్మా పావనీ, బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలకి చాలాకాలం చెప్పాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో వచ్చేది, తెలుగు వచ్చినవాళ్ళకి దీన్ని చెప్పడం మాత్రం చాలా తేలిక.

మన దగ్గర దిగు, దించు అని రెండు క్రియలు ఉన్నాయి. నేను దిగాను, పెట్టె దించాను. ఫ్రెంచ్‌లో ఈ రెండిటికీ ఒకటే క్రియ, దేసాఁద్ర్. మరి తేడా ఎక్కడ చూపిస్తారు? సహాయక క్రియలో. తనే దిగితే ఎత్ర్, ఇంకోదాన్ని దించితే అవ్వార్. బెజవాడ స్టేషన్లో శాతవాహన దిగేశావనుకో, జేతె దేసాఁద్యూ ద్యూ త్రెఁ. దసరాకి బొమ్మల కొలువు పెట్టడానికి అటక మీంచి కొండపల్లి బొమ్మల పెట్టె దించావనుకో, జవె దేసాఁద్యూ లా బ్వాత్. నీ షీట్‌లో ముందువైపు వాక్యం మొదటి రకం, వెనకవైపుది రెండో రకం అయ్యుంటుంది, ఒకసారి చూడు.

ఇలా రెండు వేషాలు వేసేవి ముఖ్యంగా ఆరు. దేసాఁద్ర్, మోఁతే, సోర్తీర్, రాఁత్రే, రతూర్నే, పాసే. అన్నిటికీ తెలుగులో జంటలు దొరుకుతాయి చూడు. మోఁతే అంటే ఎక్కడం, జేతె మోఁతే, అదే సూట్‌కేసులు పైకి ఎక్కిస్తే జవె మోఁతే లే వలీజ్. రతూర్నే అంటే తిరగడం, గుంటూరు తిరిగి వెళ్ళిపోయి ఉంటే జేతె రతూర్నే ఆ గుంటూరు, పెనం మీద అట్టు తిప్పేసి ఉంటే జవె రతూర్నే ల దోస. పాసే అయితే గుంటూరు మీదుగా వెళ్తే జేతె పాసే పార్ గుంటూరు, సెలవులు గుంటూరులో గడిపితే జవె పాసే లే వకాఁస్ ఆ గుంటూరు. సోర్తీర్ బయటికి వెళ్ళడం, బయటికి తీయడం. రాఁత్రే ఇంటికి రావడం, లోపలికి తెచ్చిపెట్టడం, వాన వస్తుంటే ఆరేసిన బట్టలు లోపలికి తెస్తామే అది.

పటమట_పావని:
మాస్టారూ చాలా థ్యాంక్సండీ!! షీట్ తీసి చూశా, ముందువైపు బస్సు దిగడం, వెనకవైపు సూట్‌కేస్ దించడం. దిగు దించు అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది కదా క్లాసులో.

ఆటోనగర్_అబ్బాయ్:
మాస్టారూ సూపర్ అండి, కానీ ఒక డౌటు. నా పుస్తకంలో జవె దేసాఁద్యూ లెస్కాలియే అని ఉంది, మెట్లు దిగాను అని. మెట్లని నేనేం దించలేదుగా, నేనే దిగా, మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. దిగు దించు లెక్కలో ఇక్కడ జేతె రావాలి, మరి అవ్వార్ ఎందుకొచ్చింది?

మాంట్రియల్‌లో_గుడివాడ:
భలే పట్టావు తమ్ముడూ. మాస్టారు చెప్పింది ఎక్కువచోట్ల పనిచేస్తుంది, మెట్ల దగ్గర మాత్రం కాలు జారుతుంది. ఎందుకంటే తెలుగులో బస్సు దిగా, మెట్లు దిగా రెండూ ఒకేలా ఉంటాయి, విభక్తి పెట్టం. ఫ్రెంచ్‌లో బస్సు *నుంచి* దిగాలి, ద్యూ బ్యూస్, మధ్యలో ద ఉంది. మెట్లని మాత్రం నేరుగా దిగుతారు, మధ్యలో ఏ ముక్కా ఉండదు. కాబట్టి చూడాల్సింది ఎవరు కదిలారు అని కాదు, వెర్బ్ పక్కన నామవాచకం డైరెక్టుగా అతుక్కుందా లేక మధ్యలో ద (నుంచి), ఆ (కి, లో), పార్ (మీదుగా) లాంటిది ఉందా అని. డైరెక్టుగా అతుక్కుంటే అవ్వార్.

ఇంద్రకీలాద్రి మీంచి మెట్లు దిగొచ్చాం అనుకోండి. నూ జవియోఁ దేసాఁద్యూ లే మార్ష్. అవే మెట్లు, పార్ పెట్టి చెప్తే నూ జేతియోఁ దేసాఁద్యూ పార్ లే మార్ష్. అమ్మవారు అదే, మెట్లు అవే, దిగింది మనమే, మధ్యలో ఒక్క పార్ వచ్చేసరికి సహాయక క్రియ మారిపోయింది.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. ఇల్ అవె, ఇల్ జవె. అతను, వాళ్ళు. ఫ్రెంచ్‌లో "వాళ్ళు"కి చివర ఎస్ మామూలుగా పలకరు, వెర్బ్ చివర ఏ-ఐ-ఇ-ఎన్-టి కూడా పలకరు. మరి లిజనింగ్‌లో ఒకడా పదిమందా అని ఎలా తెలుస్తుంది అంటే మధ్యలో వచ్చే ఆ ఒక్క జ్ శబ్దం వల్లే. ఇల్ ఏతె పార్తి అంటే ఒకడు వెళ్ళిపోయాడు, ఇల్ జేతె పార్తి అంటే అందరూ వెళ్ళిపోయారు. ఈ జ జీబ్రాలో జ. నేను అనే జేతెలో జ మాత్రం మెజర్, ట్రెజర్‌లో వినబడే జ. మన లిపిలో రెండిటికీ ఒకటే అక్షరం ఉంది కాబట్టి రాసినప్పుడు ఒకేలా కనిపిస్తాయి, చెవికి మాత్రం విడివిడిగా అలవాటు చేసుకోండి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు దీన్ని పట్టుకోవడానికి చచ్చేవాణ్ణి.

పాత_లెక్చరర్:
మెట్ల సవరణ న్యాయమైనదే. దిగు దించుతో మొదలుపెట్టి, మధ్యలో విభక్తి ఉందో లేదో చూసి నిర్ధారించుకోవడం అన్నమాట.

సంస్కృతం_98:
ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ నుంచి ఒక మాట. ఇందులో అందరికీ తలనొప్పి పార్టిసిపుల్ చివర ఇ, ఎస్ అనే అక్షరాలు ఎప్పుడు చేర్చాలి అన్నది కదా. నాకు ఇది చూడగానే సంస్కృతంలో క్రియ నుంచి వెళ్ళిన, రాసిన లాంటి మాటలు చేసే క్త ప్రత్యయం గుర్తొచ్చింది. బాలకః గతః, బాలికా గతా. వెళ్ళినవాడు మగవాడైతే గతః, ఆడపిల్లైతే గతా, కర్తని బట్టి మారుతుంది. ఎత్ర్‌తో వచ్చేవీ ఇంతే, అవీ చాలావరకు వెళ్ళడం రావడం ఎక్కడం దిగడం పుట్టడం చావడమే. పావనిగారూ మీరు జేతె దేసాఁద్యూ అని రాసేటప్పుడు చివర ఇ చేర్చాలి, మిర్చి మావ రాస్తే చేర్చకూడదు.

అదే మయా పత్రికా లిఖితా అన్నామనుకోండి, రాసింది నేను, కానీ లిఖితా అన్నది పత్రికని బట్టి మారింది. అవ్వార్‌తో కూడా పార్టిసిపుల్ కర్మనే చూస్తుంది. కాకపోతే ఫ్రెంచ్‌లో ఒక మెలిక ఉంది, ఆ కర్మ వెర్బ్ కంటే ముందొస్తేనే చూస్తుంది. జవె ఏక్రి లా లెత్ర్, ఉత్తరం తర్వాత వచ్చింది, ఏమీ మారదు. లా లెత్ర్ క జవె ఏక్రిత్, నేను రాసిన ఉత్తరం, ఉత్తరం ముందొచ్చింది, స్త్రీలింగం, కాబట్టి ఏక్రి కాస్తా ఏక్రిత్ అయింది, చెవికి కూడా వినబడుతుంది.

సంస్కృతంలో 98 వచ్చినా ఇప్పుడు ఒక్క శ్లోకం గట్టిగా చెప్పమంటే చెప్పలేను అది వేరే సంగతి, క్త మాత్రం ఎలాగో మిగిలింది.

ఆటోనగర్_అబ్బాయ్:
బ్రో ఇది అరాచకం. నేనూ సంస్కృతమే, నాకు క్త లేదు ఏం లేదు 😭

మాంట్రియల్‌లో_గుడివాడ:
98 గారు చెప్పినదానికి చిన్న తోక. మాటల్లో ఈ మార్పు వినబడేవి తక్కువే, రాతలో హల్లుతో ముగిసే పార్టిసిపుల్స్‌లోనే. ఏక్రి ఏక్రిత్, ప్రి ప్రీజ్, మి మీజ్, ఊవెర్ ఊవెర్త్, ఫె ఫెత్. లే ఫొతో క జవె ప్రీజ్, నేను తీసిన ఫొటోలు. ఫ్రెంచ్ వాళ్ళే మాట్లాడేటప్పుడు ఇవి చాలాసార్లు వదిలేస్తారు, అందుకని స్పీకింగ్‌లో కంగారు పడకండి, రైటింగ్‌లో మాత్రం పెట్టండి.

వూ సంగతి కూడా చూసుకోండి. వూ అంటే మనం "మీరు" అన్నట్టే, ఒక్కరినీ మర్యాదగా అంటాం, పదిమందినీ అంటాం. వెర్బ్ ఎప్పుడూ జేతియేనే, కానీ పార్టిసిపుల్ నిజంగా ఎదురుగా ఉన్నది ఎవరో చూస్తుంది. ఒక్క మేనేజర్ గారైతే ఏమీ చేర్చం, ఆ మేనేజర్ ఆవిడైతే ఇ, పదిమంది అయితే ఎస్, పదిమందీ ఆడవాళ్ళే అయితే ఇ-ఎస్.

బందరు_లడ్డు:
మధ్యలో దూరుతున్నా. మా మచిలీపట్నంలో పరాసుపేట అని ఉంది తెలుసా, పరాసులు అంటే ఫ్రెంచ్ వాళ్ళు, ఒకప్పుడు వాళ్ళ స్థావరం అక్కడ ఉండేది. యానాం అయితే 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. బెజవాడ నుంచి గంటన్నర బస్సు దూరంలో ఫ్రెంచ్ వాళ్ళు కాపురం పెడితే ఇప్పుడు మనం ఫీజులు కట్టి నేర్చుకుంటున్నాం, మన పెద్దోళ్ళు నాలుగు ముక్కలు నేర్చి పెట్టుకోవాల్సింది.

మోడ్_కృష్ణవేణి:
చరిత్ర బోర్డు పక్కన ఉంది బందరు గారూ 🙂 ఇక్కడ వెర్బ్ మీదే ఉందాం.

పటమట_పావని:
సరే ఇప్పుడు ఎలా కట్టాలో వచ్చింది. ఎప్పుడు వాడాలి అన్నది కూడా తేల్చేద్దాం. టెఫ్ రైటింగ్ మొదటి సెక్షన్‌లో ఒక న్యూస్ ముక్క మొదలుపెట్టి ఇస్తారు, దాన్ని మనం కనీసం 80 పదాల్లో కొనసాగించాలి, అక్కడ ఈ టెన్స్ వాడితే లెవెల్ కనిపిస్తుంది అంటున్నారు. ఇలా రాశా: ఇయెర్, జేతె ఆలే ఓ మార్షే. జవె అష్తే ఏఁ సారీ. నిన్న మార్కెట్‌కి వెళ్ళాను, ఒక చీర కొన్నాను. ఎలా ఉంది?

మాంట్రియల్‌లో_గుడివాడ:
పావనీ ఏమనుకోకు, రెండు వాక్యాల్లోనూ ఈ టెన్స్ ఉండకూడదు. ఇది ఫ్రెంచ్ సమస్య కూడా కాదు, మన ఇంగ్లీష్ నుంచి మోసుకొస్తున్నాం. ఎస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు బీసెంట్ రోడ్ అంటాం కదా అందరం, ఆఫీసుల్లో, కాలేజీల్లో, వెళ్ళాను అనడానికి హ్యాడ్ గాన్ అంటే కొంచెం గట్టిగా ఉన్నట్టు మనకి అనిపిస్తుంది. అదే హ్యాడ్‌ని ఫ్రెంచ్‌లో జవె చేసేస్తున్నాం. ఫ్రెంచ్ వాడు జేతె ఆలే అని వినగానే తర్వాత ఇంకోటేదో జరిగింది కాబోలు, దానికంటే ముందు వెళ్ళిందన్నమాట అని ఎదురుచూస్తుంటాడు, నువ్వు చీర కొని ఆగిపోయావు.

ఈ టెన్స్‌కి ఒంటరిగా నిలబడే బలం లేదు. గతంలో ఒక గుంజ పాతాలి, దానికి వెనకాల జరిగినదానికి మాత్రమే ఇది. నీ కథనే ఇలా రాయి: ఇయెర్, జ స్వీజాలే ఓ మార్షే, మే లా బుతీక్ అవె దేజా ఫెర్మే. నిన్న మార్కెట్‌కి వెళ్ళా, కానీ అప్పటికే షాపు మూసేశారు. వెళ్ళడం పాసే కోఁపోజే, దానికంటే ముందే మూసేయడం ప్లూస్-క-పర్ఫె. దేజా ఎక్కడ కూర్చుందో చూడు, అవెకి ఫెర్మేకి మధ్యలో. పా కూడా అక్కడే, జ నవె పా మాఁజే, నేను అప్పటికి తినలేదు. మాటల్లో న మింగేసి జవె పా మాఁజే అనేస్తారు.

ఇక్కడే ఇంకో బోల్తా ఉంది. లా బుతీక్ ఏతె ఫెర్మే అన్నావనుకో, అది ప్లూస్-క-పర్ఫె కాదు, షాపు మూసి ఉంది అని, ఎఁపర్ఫెలో ఎత్ర్ పక్కన ఒక విశేషణం, అంతే. మూసేశారు, మూసి ఉంది తేడా.

పాత_లెక్చరర్:
హ్యాడ్ గురించి బాగా చెప్పారు. క్లాసులో నేను పిల్లలకి చెప్పేది ఒకటే, తెలుగులో ఆ వాక్యంలో "అప్పటికే" గానీ "వెళ్ళేసరికి" గానీ పెట్టి చూడు, అతికితే రాయి, అతక్కపోతే మానెయ్యి. తెలుగు క్రియ దీనికోసం మారదు, నేను వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయింది అంటాం, వెళ్ళిపోయింది మామూలు భూతకాలమే. భారమంతా "సరికి" మోస్తుంది. ఫ్రెంచ్‌లో ఆ భారం క్రియ మొయ్యాలి.

రెండుచోట్ల మనవాళ్ళు తరచుగా తడబడతారు. ఒకటి, అన్నం తిని బయల్దేరాను. తినడం ముందు, బయల్దేరడం తర్వాత కదా అని జవె మాఁజే అని రాస్తారు. రెండు పనులూ చేసింది ఒకరే అయినప్పుడు ఫ్రెంచ్‌లో హాయిగా ఆప్రె అవ్వార్ మాఁజే, జ స్వీ పార్తి. దిగి నడిచాను అంటే ఆప్రె ఎత్ర్ దేసాఁద్యూ. మన "తిని", "దిగి"లకి ఇదే దగ్గర, ప్లూస్-క-పర్ఫెతో పని లేదు. రెండోది ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం. "పని అయిపోయింది" అని చెప్పాడు. మనం వాడన్న మాట వాడన్నట్టే ఉంచి "అని" తగిలిస్తాం. ఫ్రెంచ్‌లో ఆ లోపలి మాట ఒక మెట్టు వెనక్కి జరగాలి, ఇల్ మా ది కిల్ అవె ఫిని. ఇక్కడ మాత్రం తప్పనిసరి, న్యూస్ ముక్క రాసేటప్పుడు పోలీసులు చెప్పారు, సాక్షులు చెప్పారు అని ఎలాగూ వస్తుంది, అక్కడ వాడుకో, సహజంగా ఉంటుంది.

మిర్చి_యార్డ్_మావ:
జోకులేసి పోదామని వచ్చా, ఇప్పుడు నాకూ ఇంట్రెస్ట్ వచ్చింది. మా అన్నయ్యగారి అబ్బాయి ఇదే టెఫ్ రాస్తున్నాడు, నాలుగు మాడ్యూళ్ళలోనూ ఎన్‌సీఎల్‌సీ 7 (కెనడా వాళ్ళ ఫ్రెంచ్ కొలమానంలో ఏడో స్థాయి) రావాలంట కదా ఫ్రెంచ్ కేటగిరీ డ్రాకి, అదే ఫ్రెంచ్ వచ్చినవాళ్ళని ఇమిగ్రేషన్‌కి ఎంచుకునే దానికి. ఇదంతా పుస్తకాల ఫ్రెంచేనా, అక్కడ రోడ్డు మీద ఎవరైనా మాట్లాడతారా ఈ టెన్స్?

మాంట్రియల్‌లో_గుడివాడ:
రోజూ వినబడుతుంది మావా. అన్నిటికంటే ఎక్కువ వినబడేది జ త లవె ది. "చెప్పానా లేదా!" అని మన ఇళ్ళల్లో అంటారే, సరిగ్గా ఆ గొంతుతో అదే మాట. రెండోది జవె ఉబ్లియే, అయ్యో మర్చేపోయా, ఎవరో గుర్తు చెయ్యగానే. పుస్తకాల్లోనే ఉండేది దీని తమ్ముడు, పాసే ఆఁతేరియర్ అని ఒకటుంది, అది కథల్లో పాసే సెఁప్ల్ (పుస్తకాల్లో వాడే భూతకాలం) పక్కన కనిపిస్తుంది, చూసి గుర్తుపడితే చాలు. మీవాణ్ణి దాని జోలికి పోవద్దని చెప్పండి.

సంస్కృతం_98:
సి, అంటే ఫలానాది జరిగి ఉంటే అనే ముక్క, దాని గురించి ఎవరూ చెప్పలేదేంటి? నా లెక్కలో ఈ టెన్స్ అందం అంతా అక్కడే ఉంది. తెనాలిలో దిగి ఉంటే బస్సు పట్టుకునేదాన్ని. సి జేతె దేసాఁద్యూ ఆ తెనాలి, జొరె ప్రి ల బ్యూస్. మన దిగి ఉంటే చూడండి, దిగి అనే ముక్క, పక్కన ఉండు అనే క్రియ. వాళ్ళదీ అంతే, పార్టిసిపుల్, పక్కన ఎత్ర్. దిగలేదు కాబట్టి పట్టుకోలేదు అనే అర్థం కూడా రెండు భాషల్లోనూ చెప్పకుండానే వచ్చేస్తుంది.

సి పక్కన మాత్రం జొరెలో లాగా చివర రె వచ్చే రూపం పెట్టకూడదు, సి జొరె అంటే చెంపదెబ్బే. ఫ్రెంచ్ టీచర్లు పిల్లలకి లే సి నెమ్ పా లే రె అని నేర్పిస్తారు, సి లకి రె లంటే గిట్టదు అని. రె రెండో సగంలోనే ఉండాలి.

ఆటోనగర్_అబ్బాయ్:
దిగి ఉంటే వాహ్. చదివి ఉంటే పాసయ్యేవాణ్ణి అని ఇంట్లో చెప్పడానికి ఇప్పుడు రెండు భాషలున్నాయి.

నిశ్శబ్ద_పాఠకుడు:
చాలాకాలంగా చదవడమే, ఇప్పుడే రాస్తున్నా. స (తనని, తనకి) ముందు పెట్టే వెర్బ్‌లు అంటే లేవడం, కడుక్కోవడం లాంటివి అన్నీ ఎత్ర్‌తోనే అన్నారు, ఎల్ సేతె లవేకి చివర ఇ చేర్చారు. కానీ చేతులు కడుక్కుంది అనే చోట ఎల్ సేతె లావే లే మెఁ, ఇక్కడ ఇ చేర్చలేదు. ఎందుకు?

పాత_లెక్చరర్:
బాబూ, మొదటిదాంట్లో లేపింది తననే, ఆ స అనేదే కర్మ, ముందే ఉంది, అందుకని కలిసింది. రెండోదాంట్లో కడిగింది చేతుల్ని, కర్మ చేతులు, అవి వెనకాల ఉన్నాయి, స అంటే "తనకి" మాత్రమే. సంస్కృతం వారు చెప్పిన ముందు వెనకల సూత్రమే ఇక్కడ కూడా పనిచేస్తోంది. మన కడుక్కుంది లోని "కొను" ఈ స లాంటిదే అనుకో, కానీ మరీ దూరం లాక్కెళ్ళకు, లేచింది అనడానికి మనకి కొను అక్కర్లేదుగా.

పటమట_పావని:
హోంవర్క్ మొత్తం తిరగరాశా, చూసి చెప్పండి. మిగతా ఐదు వెర్బ్‌లతో కూడా ఒక్కోటి రాశా.

1. మా అమ్మ అప్పటికే బయటికి వెళ్ళింది: మా మెర్ ఏతె దేజా సోర్తి, చివర ఇ.
2. నేను వచ్చేసరికి అన్నయ్య బండి బయటికి తీశాడు: కాఁ జ స్వీజారివే, మోఁ ఫ్రెర్ అవె దేజా సోర్తి లా మోతో, ఇ లేదు.
3. నేను దించిన పెట్టె: లా బ్వాత్ క జవె దేసాఁద్యూ, పెట్టె స్త్రీలింగం, ముందొచ్చింది కాబట్టి ఇ.
4. వాళ్ళు గుంటూరు తిరిగి వెళ్ళిపోయారు: ఇల్ జేతె రతూర్నే ఆ గుంటూరు, ఎస్.
5. మేం సూట్‌కేసులు పైకెక్కించాం: నూ జవియోఁ మోఁతే లే వలీజ్.
6. వాన రాకముందే బట్టలు లోపలికి తెచ్చేశా: జవె రాఁత్రే ల లెఁజ్ అవాఁ లా ప్లూయి.
7. మేం తెనాలిలో రాత్రి గడిపాం: నూ జేతియోఁ పాసే లా న్వీ ఆ తెనాలి, ఎస్.

ఆటోనగర్_అబ్బాయ్:
6 లో "రాకముందే" అని అవాఁ పెట్టడం బాగుంది అక్కా. 3 చూసి నా నోట్సులో కూడా మార్చుకున్నా.

పాత_లెక్చరర్:
ఆరు సరిగ్గా ఉన్నాయి. ఏడోది చూసుకో అమ్మా. ఆ తెనాలి చూసి ఎత్ర్ పెట్టావు, కానీ పాసే పక్కన మొదట వచ్చింది లా న్వీ, మధ్యలో ఏ ముక్కా లేదు, రాత్రిని గడిపారు. నూ జవియోఁ పాసే లా న్వీ ఆ తెనాలి. కర్మ వెనకాల ఉంది కాబట్టి ఆ ఎస్ కూడా తీసెయ్యి.